కౌన్సెలర్లకు పాఠం చెప్పేదెవరు?

వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత కలిగిన కౌన్సెలర్‌ని గానీ, సైకాలజిస్టుని గానీ, సోషల్ వర్కర్‌ని గానీ కనీసం ఒకరినైనా పెట్టుకోవాలని 2025 జులై 25న సుప్రీంకోర్టు ఆదేశించింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ల అమ్మాయి మరణం మీద నడిచిన కేసు అది. ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. తీర్పు వస్తూనే పోస్టులెన్ని, జీతం ఎవరిస్తారు, ప్రైవేటు కాలేజీలు అమలు చేస్తాయా అన్న మాటలు మొదలయ్యాయి. ఆ 'అర్హత' ఇచ్చేదెవరు, ఇచ్చే అధ్యాపకుడికి ఏ అర్హత ఉండాలి అన్న దాకా మాత్రం చర్చ పెద్దగా పోలేదు.

ఈ ప్రశ్న మీద అమెరికాలో దశాబ్దాలుగా తగువు నడుస్తోంది. అక్కడి విశ్వవిద్యాలయాల్లో 'కౌన్సెలర్ ఎడ్యుకేషన్' పేరుతో విడిగా కోర్సులున్నాయి. చాలాచోట్ల అవి సైకాలజీ విభాగంలో కాక ఎడ్యుకేషన్ కాలేజీలో ఉంటాయి. బడి కౌన్సెలర్లు, మానసిక ఆరోగ్య కౌన్సెలర్లు, పునరావాస కౌన్సెలర్లు ఎక్కువగా అక్కడే తయారవుతారు. వాళ్లకు చదువు చెప్పే ప్రొఫెసర్లు ఎవరై ఉండాలన్న వివాదంలోకి లైసెన్సులు, బీమా సొమ్ము, వృత్తి సంఘాల పట్టుదలలు వచ్చి చేరాయి. దాంతో అసలు ప్రశ్న అడుగున పడిపోయింది. ప్రొఫెసర్ దగ్గరున్న డిగ్రీ పేరు మీద జరిగినంత వాదన, విద్యార్థి చేసే పనిని పక్కన కూర్చుని చూసేదెవరన్న దాని మీద జరగలేదన్నది ఈ సమీక్ష అభిప్రాయం.

బోస్టన్ నుంచి స్పుత్నిక్ దాకా

ఈ వృత్తికి పునాది వేసినవాడిగా అందరూ చెప్పే ఫ్రాంక్ పార్సన్స్ సైకాలజిస్టు కాదు. లా చదివిన సంఘసంస్కర్త. 1908 జనవరిలో బోస్టన్‌లో ఒకేషన్ బ్యూరో తెరిచి, బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన కుర్రాళ్లకు ఏ పని నప్పుతుందో కూర్చోబెట్టి తేల్చేవాడు. అదే ఏడాది సెప్టెంబరులో చనిపోయాడు. ఆయన పుస్తకం 'చూజింగ్ ఎ ఒకేషన్' 1909లో అచ్చయింది. బ్యూరో పగ్గాలు అందుకున్న మేయర్ బ్లూమ్‌ఫీల్డ్ అనే ఆయన 1911లో హార్వర్డ్‌లో ఈ విషయం మీద పాఠాలు చెప్పాడు. విశ్వవిద్యాలయ స్థాయిలో ఇదే మొదటి కోర్సని చరిత్రకారులు రాస్తారు. అంటే తొలి అధ్యాపకుడికి ఈ రంగంలో డిగ్రీ లేదు, ఉండే అవకాశమూ లేదు. వలస కుటుంబాల మధ్య సేవాకేంద్రం నడిపిన అనుభవమే ఆయన అర్హత.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పరీక్షల యుగం వచ్చింది. తెలివిని, అభిరుచిని, సామర్థ్యాన్ని కొలిచే పత్రాలు పుట్టుకొచ్చాయి. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఇ.జి. విలియమ్‌సన్ దానికి పెద్దదిక్కు. 1939లో వచ్చిన ఆయన పుస్తకం కౌన్సెలర్‌ని విషయం తెలిసిన సలహాదారుగా నిలబెట్టింది. ఆ పద్ధతిలో మంచి అధ్యాపకుడంటే కొలతల శాస్త్రం తెలిసినవాడు.

1942లో కార్ల్ రోజర్స్ పుస్తకం 'కౌన్సెలింగ్ అండ్ సైకోథెరపీ' ఆ లెక్కంతా తారుమారు చేసింది. చెప్పడం తగ్గించి వినమన్నది ఆయన సిద్ధాంతం. అధ్యాపకుల ప్రశ్నకు సంబంధించినంత వరకు అంతకంటే పెద్ద విషయం ఇంకొకటుంది. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆయన సెషన్లను గ్రామఫోన్ డిస్కుల మీద రికార్డు చేయించాడు. ఒక క్లయింటుతో నడిచిన ఎనిమిది సెషన్లలోని మాటలను ఉన్నవి ఉన్నట్టు ఆ పుస్తకంలో అచ్చువేశాడు. అప్పటిదాకా కౌన్సెలింగ్ గదిలో ఏం జరిగిందో గురువు గుర్తుంచుకుని చెప్తేనే శిష్యుడికి తెలిసేది. ఆ తర్వాత గురువు పని కూడా అందరి ముందుకు వచ్చింది. తప్పు పట్టుకోవచ్చు, ఇక్కడెందుకు మాట్లాడావని నిలదీయవచ్చు.

1957లో సోవియట్ స్పుత్నిక్ ఎగిరేసరికి అమెరికా ఉలిక్కిపడింది. మరుసటి ఏడాది వచ్చిన జాతీయ రక్షణ విద్యా చట్టం ప్రతిభ ఉన్న పిల్లల్ని గుర్తించి సైన్సు వైపు మళ్లించడానికి బడుల్లో గైడెన్సుకూ, కౌన్సెలర్ల శిక్షణ శిబిరాలకూ డబ్బు పోసింది. విశ్వవిద్యాలయాలు హడావుడిగా కోర్సులు తెరిచాయి. పాఠం చెప్పడానికి ఎడ్యుకేషనల్ సైకాలజీ వాళ్లు వచ్చారు, బడుల్లో పనిచేసి వచ్చినవాళ్లు చేరారు, సైకాలజిస్టులూ చేరారు. ఈ కలగూరగంపను ఒక పద్ధతిలో పెట్టాలన్న ఆలోచన 1960లలో మొదలైంది. కౌన్సెలర్ అధ్యాపకుల సంఘం ఏసెస్ తన పత్రికను 1961లో ప్రారంభించింది.

లైసెన్సు గొలుసు

వివాదం ముదరడానికి కారణం సిద్ధాంతం కాదు, లైసెన్సు. 1970ల మొదట్లో వర్జీనియాలో లైసెన్సు లేకుండా సైకాలజీ ప్రాక్టీసు చేస్తున్నాడంటూ సైకాలజిస్టుల బోర్డు ఒక కౌన్సెలర్ మీద కోర్టుకెక్కింది. కౌన్సెలింగ్ అనేది సైకాలజీకి వేరైన వృత్తేనని కోర్టు అభిప్రాయపడింది. 1976లో వర్జీనియా కౌన్సెలర్లకు ప్రత్యేక లైసెన్సు చట్టం తెచ్చింది. దేశంలో అదే మొదటిది. యాభై రాష్ట్రాల్లో ఆఖరున 2009లో కాలిఫోర్నియా దారికొచ్చింది.

లైసెన్సు రావాలంటే సరైన డిగ్రీ ఉండాలి. ఏ డిగ్రీ సరైనదో తేల్చడానికి గుర్తింపు సంస్థ కావాలి. ఆ పనికి 1981లో కేక్రెప్ పుట్టింది. కోర్సుకు గుర్తింపు ఇవ్వాలంటే అక్కడ పాఠం చెప్పేవాళ్లెవరో చూడాలి. ఇలా ఒక్కో కొక్కెం తగిలించుకుంటూ పోయి, ప్రొఫెసర్ డిగ్రీ మీద వచ్చి ఆగింది వ్యవహారం.

2009 నాటి కేక్రెప్ ప్రమాణాలు ఒక గీత గీశాయి. కోర్సులో ప్రధాన అధ్యాపకులుగా ఉండాలంటే కౌన్సెలర్ ఎడ్యుకేషన్‌లోనే డాక్టరేట్ ఉండాలి. సైకాలజీ వంటి దగ్గరి రంగంలో డాక్టరేట్ ఉన్నవాళ్లు 2013 జులై 1కి ముందు కౌన్సెలర్ ఎడ్యుకేషన్ కోర్సులో కనీసం ఒక పూర్తి విద్యాసంవత్సరం ఫుల్‌టైమ్‌గా పనిచేసి ఉంటే మినహాయింపు. ఆ తేదీ తర్వాత కౌన్సెలింగ్ సైకాలజీలో పీహెచ్‌డీ చేసి వచ్చినవాళ్లకు కేక్రెప్ కోర్సుల్లో ప్రధాన అధ్యాపక పదవికి తలుపు మూసుకుంది. పరిశోధనలో, ప్రాక్టీసులో ఎంత పేరున్నా సరే.

సైకాలజిస్టులు గోల పెట్టారు. వాళ్లకు అనుకూలమైన గుర్తింపు సంస్థ ఎంపీక్యాక్ రెండు రంగాల అధ్యాపకులనూ అంగీకరిస్తుంది. కానీ డబ్బూ ఉద్యోగాలూ కేక్రెప్ వైపే మొగ్గాయి. మాజీ సైనికుల వైద్యశాఖ కౌన్సెలర్ ఉద్యోగాలకు కేక్రెప్ డిగ్రీ అడిగింది. ఒహాయో వంటి కొన్ని రాష్ట్రాలు లైసెన్సుకే దాన్ని ముడిపెట్టాయి. 2024 జనవరి నుంచి వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కూడా కౌన్సెలర్లకు చెల్లింపులు మొదలుపెట్టడంతో కౌన్సెలింగ్ డిగ్రీ విలువ మరింత పెరిగింది. మాస్టర్స్ స్థాయి కోర్సులకు తానూ గుర్తింపు ఇవ్వాలని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2018లో నిర్ణయించుకుంది. అప్పటిదాకా డాక్టరేటే ప్రమాణమని పట్టుబట్టిన సంస్థ అది. సిద్ధాంతం మారిందో, బేరం మారిందో పాఠకులే ఆలోచించుకోవాలి.

ఎవరి వాదన ఏమిటి

మొదటి పక్షం వృత్తి గుర్తింపు వాదులది. వీళ్ల దృష్టిలో కౌన్సెలింగ్ అంటే జబ్బు కుదర్చడం కాదు, మనిషి ఎదుగుదలకు తోడు నిలవడం. జబ్బు లక్షణాల చుట్టూ ఆలోచించడం అలవాటైన సైకాలజిస్టు ఎంత మంచివాడైనా, విద్యార్థికి తెలియకుండానే ఆ చూపే అంటిస్తాడని వాళ్ల భయం. కౌన్సెలర్ ఎడ్యుకేషన్ డాక్టరేట్‌లో కౌన్సెలింగ్‌తో పాటు సూపర్‌విజన్, బోధన, పరిశోధన, నాయకత్వం పాఠ్యాంశాలుగా ఉంటాయి. పాఠం చెప్పడం, శిష్యుణ్ని పర్యవేక్షించడం విడిగా నేర్పే డిగ్రీ ఇదేనన్నది వాళ్ల గట్టి వాదన. ఇందులో నిజం ఉంది. మామూలు సైకాలజీ పీహెచ్‌డీలో పరిశోధనకున్న చోటు బోధనకు ఉండదు.

రెండో పక్షం శాస్త్రవాదులది. సైకాలజిస్టుల శిక్షణ మీద 1949లో జరిగిన బౌల్డర్ సమావేశం నుంచి సైకాలజిస్టులు పరిశోధన, ప్రాక్టీసు రెండూ ఒకే మనిషిలో ఉండాలంటున్నారు. వేరే రంగం వాళ్లను బయట పెట్టేస్తే కౌన్సెలర్ విద్య తనలో తానే తిరిగే చెరువవుతుందని వీళ్ల ఆక్షేపణ. అదే డిగ్రీ ఉన్న ప్రొఫెసర్లు, అదే డిగ్రీ ఇచ్చి, అదే డిగ్రీ వాళ్లను చేర్చుకుంటూ పోతే కొత్త ఆలోచన ఎక్కడి నుంచి వస్తుంది? రోజర్స్ సైకాలజిస్టే. ఇప్పటి కౌన్సెలింగ్ తరగతుల్లో చెప్పే, వినడం, అడగడం వంటి నేర్పులను విడివిడిగా సాధన చేయించే మైక్రోస్కిల్స్ పద్ధతిని రూపొందించిన ఆలెన్ ఐవీ కూడా సైకాలజిస్టే. 2013 నిబంధన అప్పుడే ఉండి ఉంటే వాళ్లిద్దరికీ ఆ విభాగాల్లో ప్రధాన అధ్యాపక పదవి దొరకడం కష్టమయ్యేది. ఈ మాటకు మొదటి పక్షం నుంచి సరైన జవాబు రాలేదు.

మూడో పక్షం చిన్నది. దానికి సంఘం లేదు, పత్రిక లేదు. క్షేత్రంలో పనిచేసే సూపర్‌వైజర్లు, కొందరు అధ్యాపకులు లేవనెత్తే ప్రశ్న అది: డాక్టరేట్ ఏదైతేనేం, ఈ ప్రొఫెసర్ ఈ వారం ఎంతమంది క్లయింట్లను చూశాడు? 2016 కేక్రెప్ ప్రమాణాలు ప్రధాన అధ్యాపకుల వృత్తి నిబద్ధతకు ఆధారాలేమిటో చెప్పాయి: వృత్తి సంఘాల్లో సభ్యత్వం, తన రంగానికి సంబంధించిన లైసెన్సులూ సర్టిఫికెట్లూ కొనసాగించడం, వృత్తిపరమైన అభివృద్ధి, సేవ, పరిశోధన. జాబితా బాగానే ఉంది. ప్రస్తుతం క్లయింట్లను చూస్తూ ఉండాలన్న షరతు మాత్రం అందులో లేదు. మెడికల్ కాలేజీలో సర్జరీ ప్రొఫెసర్ పదేళ్లుగా కత్తి పట్టలేదంటే ఆ కాలేజీ పరువు పోతుంది. కౌన్సెలింగ్ ప్రొఫెసర్ పదేళ్లుగా క్లయింటు ఎదుట కూర్చోకపోయినా ఎవరూ అడగరు, ఎందుకంటే పదోన్నతి వ్యాసాల లెక్క మీద వస్తుంది.

మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టమవుతుంది. మొదటి పక్షం అధ్యాపకుడి నుంచి వృత్తి పట్ల విధేయతను ఆశిస్తుంది, దానికి రుజువు డిగ్రీ. రెండోది రుజువు చూపగల జ్ఞానాన్ని ఆశిస్తుంది, ఆధారం పరిశోధన. మూడోది చేతిపనిని ఆశిస్తుంది, చూపాల్సింది క్లయింట్లతో గడిపిన గంటలు. మొదటి రెండూ కాగితం మీద సులువుగా చూపించొచ్చు. మూడోది చూపించడం కష్టం, అందుకే ప్రమాణాల్లోకి ఎక్కలేదు. ఈ వ్యాసకర్త మొగ్గు మూడో పక్షం వైపే. అయితే దాని బలహీనత కూడా చిన్నది కాదు. ప్రాక్టీసులో ఆరితేరిన మనిషి తరగతిలో తేలిపోవడం మనకు తెలియని సంగతి కాదు.

సూపర్‌విజన్ గంటలో

అధ్యాపకుడి అసలు పని తరగతి గదిలో కన్నా సూపర్‌విజన్‌లో బయటపడుతుంది. 2016 ప్రమాణాల ప్రకారం మాస్టర్స్ విద్యార్థి 100 గంటల ప్రాక్టికమ్ చేయాలి, అందులో 40 గంటలు నేరుగా క్లయింట్లతో. తర్వాత 600 గంటల ఇంటర్న్‌షిప్, అందులో 240 గంటలు క్లయింట్లతో. ఈ కాలమంతా వారానికి ఒక గంట విడిగానో ఇద్దరికి కలిపో సూపర్‌విజన్, సగటున గంటన్నర గుంపులో సూపర్‌విజన్ ఉండాలి. విద్యార్థులకూ అధ్యాపకులకూ నిష్పత్తి 12:1 దాటకూడదు. ప్రధాన అధ్యాపకులు చెప్పే క్రెడిట్ల కంటే బయటివాళ్లు చెప్పే క్రెడిట్లు ఎక్కువ కాకూడదు. ఈ అంకెలకు డిగ్రీ పేరు మీద జరిగినంత వాదన జరగలేదు. నాకైతే డిగ్రీ నిబంధన కంటే ఇవే విలువైనవి.

ఆ గంటలో ఏం జరుగుతుందో మన భాషలోనే ఊహించి చూద్దాం. ఇంటర్ సెకండియర్ అమ్మాయి, శిక్షణలో ఉన్న ఎమ్మెస్సీ విద్యార్థిని. అమ్మాయి అంటుంది: "ఇంట్లో చెప్పలేను మేడం. చెప్తే ఫీజు సంగతెత్తుతారు." ట్రైనీ వెంటనే: "అలా అనుకోకూడదమ్మా. అమ్మానాన్నలు ఏం చెప్పినా నీ మంచి కోసమే కదా." తర్వాత రికార్డింగ్‌లో కాసేపు ఏమీ వినపడదు. ఆ పైన అమ్మాయి "సరే మేడం" అంటుంది. సెషన్ అక్కడితో చచ్చిపోయింది. రాతప్రతిలో చూస్తే అన్నీ మంచి మాటలే కాబట్టి ట్రైనీకి ఆ సంగతి తెలియదు.

మంచి సూపర్‌వైజర్ రికార్డింగ్‌ని అక్కడ ఆపుతుంది. జనీన్ బెర్నార్డ్ 1979లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం ఆమె ముందు మూడు దారులున్నాయి. టీచర్ అయితే, "చెప్తే మాట ఫీజు మీదికి పోతుందని నీ భయం, అంతేనా?" అని అనుంటే ఆ పిల్ల ఇంకో వాక్యం చెప్పేది కదా అని చూపిస్తుంది. కౌన్సెలర్ పాత్రలోకి వస్తే, "ఆ అమ్మాయి ఆ మాట అన్నప్పుడు నీకేమనిపించిందమ్మా?" అని అడుగుతుంది. ట్రైనీ ఇంట్లో కూడా ఫీజు మాట ఒక గాయమై ఉండొచ్చు. కన్సల్టెంట్‌గా, "వచ్చే వారం ఆ పిల్ల వస్తే ఎక్కడ మొదలుపెడదాం?" అంటుంది. మూడింటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది: చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని ఆ అమ్మాయిని అడిగావా? ఎప్పుడు ఏ పాత్ర తీసుకోవాలో ఏ డిగ్రీ కాగితమూ చెప్పదు. గంటల కొద్దీ విన్న చెవికే తెలుస్తుంది.

సూపర్‌విజన్ వల్ల ట్రైనీకి ధైర్యం, నేర్పు పెరుగుతాయని చెప్పే పరిశోధన గట్టిగానే ఉంది. దానివల్ల క్లయింటుకు మేలు జరిగిందని నిరూపించే పరిశోధన మాత్రం ఇంకా పలచగానే ఉంది. మూడో పక్షం వాళ్లు ఈ సంగతి దాటవేస్తారు. దాటవేయకూడదు.

ఆన్‌లైన్ కోర్సులు ఈ చిక్కును ఇంకా బిగించాయి. వాల్డెన్, కపెల్లా వంటి విశ్వవిద్యాలయాలు కేక్రెప్ గుర్తింపుతోనే దూరవిద్యలో కౌన్సెలర్లను తయారుచేస్తున్నాయి. మారుమూల ఊళ్లలో ఉద్యోగం మానలేనివాళ్లకు ఇది వరం. వీడియోలో చూసే సూపర్‌వైజర్‌కి ట్రైనీ గొంతు, ముఖం అందుతాయి కాబట్టి పాత ఆక్షేపణలు కొంత సద్దుమణిగాయి. విద్యార్థుల సంఖ్య పెరిగినకొద్దీ ఆ వీడియో ఎంత శ్రద్ధగా చూస్తున్నారన్న అనుమానం మాత్రం మిగిలే ఉంది.

వడపోత భారం

కౌన్సెలర్ ఎడ్యుకేషన్ ప్రొఫెసర్‌కి వేరే ప్రొఫెసర్లకు అంతగా లేని బాధ్యత ఒకటుంది. మార్కులన్నీ వచ్చినా సరే, ఈ మనిషి క్లయింట్లకు హాని చేస్తాడనిపిస్తే ఆపాలి. అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ 2014 నీతినియమావళి దీన్ని అధ్యాపకుల విధిగా చెప్పింది. ఆపితే కోర్టు దాకా వెళ్లే ప్రమాదమూ ఉంది.

రెండు కేసులు దీనికి గుర్తు. మత విశ్వాసం పేరుతో స్వలింగ సంపర్కులైన క్లయింట్లకు నియమావళి ప్రకారం కౌన్సెలింగ్ చేయడానికి ఒప్పుకోని విద్యార్థినుల విషయంలో జార్జియాలోని అగస్టా స్టేట్, మిషిగన్‌లోని ఈస్టర్న్ మిషిగన్ విశ్వవిద్యాలయాలు చర్యలు తీసుకున్నాయి. మొదటి కేసులో 2011లో అప్పీల్ కోర్టు విశ్వవిద్యాలయానికి అడ్డుపడలేదు. రెండోదాంట్లో 2012లో మరో అప్పీల్ కోర్టు, విద్యార్థిని వాదనను జ్యూరీ వినాల్సిందేనంది. చివరకు రాజీ కుదిరింది. కొద్ది వారాల తేడాతో రెండు కోర్టులు రెండు దారులు చూపాయి. విద్యార్థి విశ్వాసం ఎక్కడ ముగుస్తుంది, క్లయింటు హక్కు ఎక్కడ మొదలవుతుందన్న గీతను ఇప్పటికీ ఒక్కో విభాగం ఒక్కోచోట గీస్తోంది.

మన దగ్గర

మన దేశంలో ఈ తగువు మొదలే కాలేదు. తగువు పడటానికి కౌన్సెలర్ ఎడ్యుకేషన్ అనే విడి విభాగమంటూ ఉంటే కదా. ఆలోచన మాత్రం పాతదే. 1952-53 ముదలియార్ కమిషన్ బడుల్లో గైడెన్సు ఉండాలంది. 1964-66 కొఠారీ కమిషన్ పది ఉన్నత పాఠశాలలకు ఒక విజిటింగ్ కౌన్సెలర్ అయినా ఉండాలని సూచించింది. ఎన్‌సీఈఆర్‌టీ నడిపే గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా ఏడాది కోర్సు: ఆరు నెలలు దూరవిద్య, మూడు నెలలు ప్రత్యక్ష తరగతులు, మూడు నెలలు ఇంటర్న్‌షిప్. ఉపాధ్యాయులను కౌన్సెలర్లుగా మలచడానికి ఇది ఉపయోగపడింది. దేశం అవసరం ముందు అది ఏ మూలకూ చాలదు.

విశ్వవిద్యాలయాల్లో కౌన్సెలింగ్ పాఠాలు చాలాచోట్ల సైకాలజీ, సోషల్ వర్క్, ఎడ్యుకేషన్ విభాగాల్లో ఒక పేపరుగానో స్పెషలైజేషన్‌గానో ఉంటాయి. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ (టిస్), బెంగళూరు క్రైస్ట్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల కౌన్సెలింగ్‌కే ప్రాధాన్యమిచ్చే పీజీ కోర్సులున్నాయి. అధ్యాపకుడి అర్హత విషయానికొస్తే, యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ కావడానికి సంబంధిత సబ్జెక్టులో 55 శాతంతో పీజీ, దానికి తోడు నెట్ గానీ, అందుకు సమానమైన అర్హత గానీ, పీహెచ్‌డీ గానీ ఉంటే చాలు. జీవితంలో ఒక్క క్లయింటునైనా చూడాలన్న షరతు లేదు. చరిత్ర అధ్యాపకుడికీ కౌన్సెలింగ్ అధ్యాపకుడికీ ఒకే కొలబద్ద. అమెరికాలో ఏ డాక్టరేట్ అన్న దాని మీద కొట్లాడుకుంటుంటే, మన దగ్గర ప్రాక్టీసు ఊసే లేకుండా పని నడిచిపోతోంది.

దీనికి మినహాయింపు క్లినికల్ సైకాలజీ. 1992 చట్టంతో ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న కోర్సుల్లో బోధకులు ఆ రంగంలో శిక్షణ పొంది కౌన్సిల్ రిజిస్టరులో ఉండాలి, సీట్లు బోధకుల సంఖ్యను బట్టి ఉంటాయి. అందుకే సీట్లు తక్కువ, పట్టాదారులు తక్కువ. నాణ్యత కాపాడితే సంఖ్య రాదు, సంఖ్య కోసం పోతే నాణ్యత నిలవదు. ఈ ఇరకాటానికి ఎవరి దగ్గరా తేలిక జవాబు లేదు.

ఈలోగా కౌన్సెలర్లను తయారుచేసే పని విశ్వవిద్యాలయం బయట జరిగిపోయింది. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం కౌన్సెలర్లకు చోటిచ్చింది. హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాల కౌన్సెలర్లకు టిస్ 'సాక్షం' కార్యక్రమం ద్వారా పెద్ద ఎత్తున శిక్షణ ఇచ్చింది. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో పలికే కౌన్సెలర్లు దొరుకుతారు, వాళ్ల శిక్షణ వెనుక బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఉంది. ఈ కార్యక్రమాల్లో పాఠం చెప్పినవాళ్లు క్షేత్రానికి దగ్గరగా ఉన్నవాళ్లు. అంతవరకు మేలు. అయితే ఇవన్నీ ఒక పథకం అవసరానికి ఇచ్చిన శిక్షణలు. అటువంటి శిక్షణ పొందిన మనిషి వేరే రకం కష్టంతో వచ్చినవాళ్ల ముందు కూర్చున్నప్పుడు పునాది చాలకపోవచ్చు.

2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం సైకాలజిస్టులనూ కొన్ని రకాల కౌన్సెలర్లనూ తన పరిధిలోకి తెచ్చింది. దాని కొనసాగింపుగా 2025లో యూజీసీ సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని ఆదేశించింది. ఒక తరం మధ్యతరగతి గృహిణులు, ఉపాధ్యాయులు దూరవిద్యలో ఎమ్మెస్సీ సైకాలజీ చేసి కౌన్సెలింగ్‌లోకి వచ్చిన మన రాష్ట్రాల్లో ఇది పెద్ద దెబ్బే. కానీ ఎదురుగా కూర్చుని వినే సూపర్‌వైజర్ లేని కోర్సును ఆపడం తప్పని అనలేం. ఆపినప్పుడు, రెగ్యులర్ కోర్సులో మాత్రం ఆ సూపర్‌వైజర్ ఉన్నాడా అని కూడా అడిగి ఉండాల్సింది.

భాష సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు. మన విశ్వవిద్యాలయాల్లో ఈ చదువు పుస్తకాలు ఇంగ్లిషు, పరీక్ష ఇంగ్లిషు. రేపు ఆ విద్యార్థి దగ్గరకొచ్చే పిల్లలు తమ బాధ తెలుగులో, అదీ తమ జిల్లా తెలుగులో చెప్తారు. మనసు బాగోలేదని ఒకరు, గాబరాగా ఉందని ఇంకొకరు, ఏమీ లేదు మేడం అంటూ మరొకరు. ఆ మాటల బరువు పట్టుకోవడం నేర్పాలంటే తెలుగులో క్లయింట్లను చూసిన అధ్యాపకులు కావాలి. తెలుగు సెషన్ల రాతప్రతులతో బోధనా సామగ్రి తయారుచేయడం విశ్వవిద్యాలయాలు తలుచుకుంటే చేయగలిగిన పనే.

తేలని ప్రశ్నలు

డాక్టరేట్ రకానికీ బోధన నాణ్యతకూ సంబంధం ఉందని అమెరికాలో ఏ పక్షమూ గట్టిగా నిరూపించలేదు. అధ్యాపకుడు ప్రాక్టీసు కొనసాగిస్తే శిష్యులు మెరుగవుతారన్నది ఇంగితంగా తోస్తుంది, కొలిచి చూపినవాళ్లు అరుదు. వడపోతలో తీర్పు ఎవరిదో కోర్టులు తేల్చలేదు. మన కొత్త కమిషన్ అధ్యాపకుల అర్హతను పుస్తకాల లెక్కన పెడుతుందా, క్లయింట్లతో గడిపిన గంటల లెక్కన పెడుతుందా అన్నది మనకు అన్నిటికన్నా దగ్గరి ప్రశ్న. అమెరికా నుంచి 2013 గీతను అరువు తెచ్చుకుంటే మనకు నష్టమే. అసలే కొరతగా ఉన్న అధ్యాపకుల్లో సగంమందిని డిగ్రీ పేరు చూసి బయట పెట్టడం అవుతుంది. అరువు తెచ్చుకోదగ్గది వారానికి గంట సూపర్‌విజన్, పన్నెండుగురికి ఒకరు అన్న లెక్క.

సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కౌన్సెలింగ్ డిప్లొమాలు, సర్టిఫికెట్ కోర్సులు మన ఊళ్లలో ఇంకా పుట్టుకొస్తాయి. వాటికి అనుమతిచ్చే రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు ప్రతి అధ్యాపకుడి క్లయింటు గంటలను, ప్రతి సూపర్‌వైజర్ చేతికింద ఎంతమంది విద్యార్థులున్నారన్నదీ ప్రాస్పెక్టస్‌లో అచ్చు వేయించాలి. చేరబోయేవాళ్లు ఫీజు కట్టేముందు రెండే ప్రశ్నలు అడగండి: నా సెషన్ రికార్డింగ్ వారంవారం ఎవరు వింటారు? ఆ వినే మనిషి ఈ ఏడాది ఎంతమంది క్లయింట్లను చూశారు? సూటిగా జవాబు రాకపోతే ఆ కోర్సులో చేరకండి.